తెగే చోటు

మలేషియా వచ్చిన పదిహేడేళ్ళలో నేను కొన్న వస్తువులన్నిటిలోకీ పనికిమాలినది ఏదని అడిగితే, మా ఆవిడ ఒక్క క్షణం కూడా ఆలోచించకుండా స్టోర్ రూమ్ వైపు చెయ్యి చూపిస్తుంది. అక్కడ తలుపు వెనక 12 అడుగుల ఫిషింగ్ రాడ్డు ఉంటుంది. రెండు ముక్కలుగా విడదీస్తే తప్ప మా అపార్టుమెంటులో అది పట్టదు. దాని పక్కనే అట్టపెట్టెలో కొబ్బరిబోండాం అంత రీలు, చేప ఎర ముట్టుకుంటే కీచుమని అరిచే అలారాలు రెండు, ఇంకా పేరు కూడా గుర్తులేని సామాను ఉంటాయి. అన్నీ కలిపి రెండు వేల రింగ్గిట్ల పైమాటే.

కంప్యూటర్ సైన్సులో మాస్టర్స్ చదివి, ఇరవై ఏళ్ళుగా కన్సల్టెంటు పేరుతో ఇతరులకి సలహాలమ్ముకుంటున్నవాణ్ణి. ఏ సిస్టమ్ కొనాలన్నా ముందు అవసరాలు రాసుకోవాలనీ, వాడేవాడెవడో, వాడే చోటేదో చూసుకోవాలనీ క్లయింట్లకి చెప్పి డబ్బు తీసుకుంటాను. నా ఇంటికి వచ్చేసరికి ఆ ఒక్క పనీ చెయ్యలేదు. ఇంగ్లీషువాళ్ళు రాసిన పుస్తకాలు తెప్పించుకుని, ఎక్సెల్ షీట్లో బ్రాండ్లు, బేరింగులు, బరువులు వేసి, అన్నిటికంటే ఎక్కువ మార్కులొచ్చినదాన్ని కొనేశాను.

ఇంగ్లండులో చేపలకి కూడా కులాలున్నాయి. సాల్మన్, ట్రౌట్ వంటివి దొరల చేపలు, వాటిని గేమ్ ఫిష్ అంటారు. మిగతా మంచినీటి చేపలన్నీ కోర్స్ ఫిష్, అంటే మోటు చేపలన్నమాట. ఆ మోటు చేపల్లో కార్ప్ అనే గండుచేపని పట్టడానికి అక్కడ ఒక పెద్ద పరిశ్రమే ఉంది. ఆ లెక్కన మన శీలావతీ మోటుదే, బొచ్చే మోటుదే. మా కొల్లేరు పక్క చెరువులన్నీ మోటు చెరువులే. ఆ 12 అడుగుల రాడ్డు, ఇంగ్లండులో పెద్ద పెద్ద సరస్సుల్లో వంద గజాల దూరం ఎర విసరడానికి తయారైంది. దాని మీద మూడు పౌండ్ల టెస్ట్ కర్వ్ అని రాసి ఉంటుంది. కొసకి మూడు పౌండ్ల బరువు కడితే తప్ప ఆ కొన పిడికి అడ్డంగా వంగదని అర్థం. అంత గట్టి రాడ్డు ఎంత గొప్పదో అని మురిసిపోయాను.

అసలీ చేపల గొడవ నాకెందుకు వచ్చిందో చెప్పాలి.

2022లో మా అబ్బాయికి పద్నాలుగేళ్ళు. కోవిడ్ లాక్‌డౌన్లు అయ్యాక స్కూలు మారాడు. పాత స్నేహితులు పోయారు, కొత్తవాళ్ళు దొరకలేదు. గది తలుపు వేసుకోవడం మొదలుపెట్టాడు. నేను మాట్లాడితే చదువు గురించే మాట్లాడతానని వాడి ఫిర్యాదు. ఆలోచిస్తే నిజమే. ఒకరోజు భోజనం దగ్గర వాడు ఫోనులో చేపలు పట్టే వీడియో చూస్తూ, "డాడీ, మీ ఊరు నిండా చేపల చెరువులే కదా, నువ్వెప్పుడైనా పట్టావా?" అని అడిగాడు. మూడు నెలల్లో వాడు నన్నడిగిన మొదటి ప్రశ్న అది. జవాబు మాత్రం "లేదు".

మాది కైకలూరు దగ్గర పల్లె. అప్పట్లో కృష్ణా జిల్లా, 2022 నుంచి ఏలూరు జిల్లా. చుట్టూ చేపల చెరువులే. వెదురు కర్రలకి చిల్లుల సంచులు వేలాడదీసి, వాటిలో తవుడు, వేరుశనగ చెక్క నింపితే చేపలొచ్చి పొడుచుకు తినేవి. పట్టిన చేపలు ఐసు పెట్టెల్లో లారీలెక్కి హౌరా పోయేవి. మా నాన్న బడిపంతులు. గాలం పట్టుకుని గట్టు మీద కూర్చున్నవాడికి చదువు అబ్బదని ఆయన నమ్మకం. ఒకసారి పక్కింటి కుర్రాడితో కలిసి కాలవలో గాలం వేస్తే, కర్ర విరగ్గొట్టి ఆ ముక్కతోనే నా కాళ్ళ మీద వాయించారు. అలా చేపల మధ్య పుట్టి పెరిగీ గాలం పట్టడం రాకుండానే మలేషియా దాకా వచ్చేశాను.

అబ్బాయి అడిగిన వారానికే నా ఎక్సెల్ షీటు తయారయింది. నెలకి సామాను దిగింది.

ఇక్కడ డబ్బు కట్టి చేపలు పట్టుకునే చెరువుల్ని కోలాం పాన్‌చింగ్ అంటారు. మన కొలను, అరవవాళ్ళ కుళం, మలయ్‌వాళ్ళ కోలాం అన్నీ చుట్టాలే. సెలంగోర్‌లో ఇలాంటివి కొన్ని ఒకప్పటి తగరం గనుల గుంటలు. 1985లో ప్రపంచ మార్కెట్లో తగరం ధర కుప్పకూలాక గనులు మూతపడ్డాయి, గుంటలు నీళ్ళతో మిగిలిపోయాయి. మేం వెళ్ళింది పుచోంగ్ దాటాక ఉన్న ఒక చిన్న చెరువు. ఈ గట్టు నుంచి ఆ గట్టుకి ముప్ఫై మీటర్లుంటుందేమో. ఎండకీ వానకీ పనికొచ్చేలా ప్రతి కూర్చునే చోటా రేకుల పాక వేసి ఉంది. నేను నా 12 అడుగుల రాడ్డు పైకెత్తగానే కొన పోయి రేకుకి ఠంగుమని తగిలింది. చుట్టూ ఉన్న మలయ్, చైనా పెద్దమనుషులంతా మర్యాదగా అటు తిరిగి నవ్వుకున్నారు. మా అబ్బాయి మొహం ఎర్రబడింది.

ఎలాగో ఒంగుని, పక్కకి తిరిగి, ఎర విసిరి రాడ్డు వాడి చేతికిచ్చాను. ముప్పావుగంటకి బెండు మునిగింది. రీలు గిర్రున తిరిగింది. ఆ చప్పుడు వింటే నాకు కంగారు. చేప దారం లాక్కుపోతోంది, అంటే నా సొమ్మేదో పోతోందన్నట్టు. "తిప్పు, తిప్పు!" అని అరిచాను. వాడు "ఉండు డాడీ" అంటూనే ఉన్నాడు. నేను వంగి, వాడి చేతుల మధ్యలోంచి చెయ్యి పెట్టి రీలు డ్రాగ్ మొత్తం బిగించేశాను. రెండు క్షణాలు రాడ్డు బిర్రుగా నిలబడింది. తర్వాత టప్పుమంది. దారం రాడ్డు కొన దగ్గర తెగింది.

అంతటితో అయిపోతే బాగుండేది. కానీ బెండు మునిగి, కాస్సేపటికి చెరువు మధ్యలో తేలింది. మళ్ళీ మునిగి అవతలి గట్టు దగ్గర తేలింది. చేప నోట్లో కొక్కెం అలాగే ఉంది. దాని వెనకాల గుండూ, బెండూ, పదిహేను మీటర్ల దారమూ. అవన్నీ ఈడ్చుకుంటూ ఆ చేప చెరువంతా తిరుగుతోంది. ఎర్ర టోపీ పెట్టుకున్న బెండు కాబట్టి అందరికీ కనపడుతూనే ఉంది. వాడు దాన్నే చూస్తున్నాడు.

"అది చచ్చిపోతుందా?" అన్నాడు. నాకు ఏం చెప్పాలో తెలియలేదు.

అప్పుడు పక్క పాకలోంచి ఒక గొంతు వినపడింది. "ఏటి బాబూ, బ్రేకు అంతలా బిగించీసినావేటి? కుర్రోడు బాగానే ఆడిస్తన్నాడు కదా!"

నేను ఉలిక్కిపడ్డాను. ఆయన్ని వచ్చినప్పటి నుంచీ చూస్తున్నాను. డెబ్భై దాటిన మనిషి, నల్లటి బక్క పలచటి శరీరం, తలకి తువ్వాలు. అరవాయన అనుకున్నాను. మేమిద్దరం మాట్లాడుకుంటున్న తెలుగంతా ఆయన వింటూనే ఉన్నాడన్నమాట. ఆయన లేచి, తన చిన్న రాడ్డు తీసుకుని, ఎర తీసేసి, ఒట్టి గుండూ కొక్కెమూ ఉంచి, తేలుతున్న బెండుకి అవతలగా విసిరాడు. మెల్లగా లాగాడు. మూడోసారికి తెగిన దారం తగులుకుంది. తగులుకున్నాక రాడ్డు తన దగ్గర ఉంచుకోలేదు. మా అబ్బాయి చేతిలో పెట్టాడు. "అది ఎలతానంటే ఎల్లనీ. ఆగినప్పుడు నువ్వు లాగు. బేగి అక్కర్నేదు."

పావుగంట పట్టింది. నాలుగు కిలోల శీలావతి. ఇక్కడ రోహు అనే అంటారు, తెలంగాణవాళ్ళ రవ్వ. హౌరా లారీల్లో ఎక్కించిన చేపే, పుచోంగ్‌లో మా అబ్బాయి చేతిలో తడి గోనె మీద పడుకుని నోరు తెరిచి మూస్తోంది. పెద్దాయన కొక్కెం తీసి నీళ్ళలో వదిలేశాడు. నేను చెయ్యి కూడా వెయ్యలేదు. వెయ్యాలంటే భయం వేసింది.

తర్వాత ఆయన నా సామాను పరీక్షగా చూశాడు. మెయిన్ లైన్ పదిహేను పౌండ్లది. కొక్కేనికి కట్టిన కొసదారం మాత్రం నలభై పౌండ్లది. చేపకి దగ్గరగా ఉండేది గట్టిగా ఉండాలని నేను ఏరికోరి కొన్నది. ఆయన ఆ నలభై పౌండ్ల దారాన్ని వేలికి చుట్టి లాగి చూసి అన్నాడు. "తెగకుండా ఏదీ ఉండదు బాబూ. తెగితే ఎక్కడ తెగాలో ముందుగాల సూసుకోవాల. అది కొక్కెం పక్కన తెగాల. అప్పుడు సేపకి కొక్కెమొకటే మిగుల్తాది. నువ్వు సెరువంతా దాని నోటికి కట్టీసినావు."

ఏళ్ళ తరబడి సర్వర్లు, బ్యాకప్పులు, ఫెయిలయ్యే చోట్లు గీసి చూపించి బతికినవాణ్ణి. ఒక్క మాట తిరిగి చెప్పలేకపోయాను. ఆయన్ని బాబాయ్ అని పిలవడం ఆ రోజే మొదలైంది.

బాబాయ్ వాళ్ళది పెరాక్ రాష్ట్రంలో బాగాన్ దాతుక్. కొబ్బరి తోటల్లో పనికి శ్రీకాకుళం వైపు నుంచి ఆయన తాత వచ్చాడు. ఆ ప్రాంతంలో అలా వచ్చిన తెలుగు కుటుంబాలు చాలా ఉన్నాయి. 1955లో మలయా ఆంధ్ర సంఘంగా మొదలై, ఇప్పుడు మలేషియా తెలుగు సంఘంగా ఉన్న సంస్థ పేరు మనవాళ్ళు కొందరు వినే ఉంటారు. మనలా నిన్నగాక మొన్న ఐటీ ఉద్యోగాలకి వచ్చినవాళ్ళం పెట్టింది కాదది, ఈ పాత కుటుంబాలది. ఆయన ఇండియా చూసింది ఒకే ఒక్కసారి, తిరుపతి వెళ్ళడానికి. కానీ "బేగి", "ఏటి", "సేప" ఆయన నోట్లో మూడు తరాలుగా చెక్కు చెదరకుండా ఉన్నాయి. చేపల మాటలు మాత్రం మలయ్‌వి కలిసిపోయాయి. రాడ్డుని జోరాన్ అంటాడు, ఎరని ఉంపాన్ అంటాడు, కొక్కేన్ని మాతా కైల్ అంటాడు. కొసదారం పేరు పెరాంబుట్. మలయ్‌లో రంబుట్ అంటే వెంట్రుక.

మర్నాటి ఆదివారం బాబాయ్ మమ్మల్ని కెడాయ్ పాన్‌చింగ్‌కి, అంటే చేపల సామాను కొట్టుకి, తీసుకెళ్ళాడు. నన్ను డబ్బిచ్చే పనికి మాత్రమే ఉంచి, ఎంచుకునే పని కుర్రాడికి అప్పజెప్పాడు. ఆయన వాణ్ణి అడిగింది మూడే ప్రశ్నలు. ఏ చెరువు? ఏ చేప? నిలబడే చోట నీ నెత్తి మీద ఏముంది? నేను నెల రోజులు వేసిన ఎక్సెల్ షీట్లో ఈ మూడూ లేవు.

కొత్తగా మొదలుపెట్టేవాళ్ళెవరైనా ఉంటే పనికొస్తుందని ఆ రోజు కొన్నవి రాస్తున్నాను.

రాడ్డు ఆరున్నర అడుగులది, రెండు ముక్కలది, మధ్యరకం గట్టిది. పిడికి పైన ఎనిమిది నుంచి పద్నాలుగు పౌండ్ల దారానికని రాసి ఉంది. కార్బన్‌ది తేలిగ్గా ఉంటుంది, చేప ఎర ముట్టుకుంటే బాగా తెలుస్తుంది, కానీ ఎక్కడైనా గట్టిగా తగిలితే పగులిచ్చి తర్వాతెప్పుడో విరుగుతుంది. గ్లాస్ ఫైబర్ కాస్త బరువు, కానీ కుర్రాళ్ళ దెబ్బలకి ఓర్చుకుంటుంది. బాబాయ్ గ్లాస్ ఫైబర్‌దే ఇప్పించాడు. రాడ్డు వంగడం దాని బలహీనత కాదు. చేప ఒక్కసారిగా గుంజినప్పుడు ఆ కుదుపు దారం మీద పడకుండా రాడ్డే మింగుతుంది. నా 12 అడుగులది ఆ పని చెయ్యలేదు, అందుకే దారం మీద పడింది.

రీలు 2500 సైజుది. స్పిన్నింగ్ రీలు, అంటే దారం చుట్టిన బొంగు కదలకుండా ఉండి దాని చుట్టూ తీగ తిరిగే రకం. ఈ రకానికి 1905లో ఇంగ్లండులో ఇలింగ్‌వర్త్ అనే ఆయన పేటెంటు తీసుకున్నాడు. అంతకు ముందు తేలిక ఎరని దూరంగా విసరడం కొత్తవాళ్ళకి చాలా కష్టం. మావాడు కొన్న రీలు జపాన్ కంపెనీ షిమానోది, అడుగున మేడిన్ మలేషియా అని ఉంది. ఆ కంపెనీ కర్మాగారం ఒకటి జొహోర్‌లోనే ఉంది. బేరింగులెన్ని అని నేనడిగితే బాబాయ్ విననట్టే ఊరుకున్నాడు. డ్రాగ్ కాస్త బిగించి దారం చేత్తో లాగించి చూపించాడు. జర్కులు జర్కులుగా కాకుండా నూనెలో జారినట్టు రావాలి. అదొక్కటే పరీక్ష. ఇంటికెళ్ళాక దారం తెగే బరువులో పావు వంతు దగ్గర డ్రాగ్ వదలాలి, మరీ అయితే మూడో వంతు. చిన్న కొక్కెం త్రాసు తగిలించి లాగితే తెలుస్తుంది. పది పౌండ్ల దారానికి రెండున్నర నుంచి మూడు పౌండ్లు. అంత తక్కువా అనిపిస్తుంది. అంతే చాలు.

దారం పది పౌండ్ల నైలాన్. అల్లిక దారం సన్నగా, చాలా గట్టిగా ఉంటుంది కానీ సాగదు. కొత్తవాడి పొరపాటుని క్షమించదు, వేలికి చుట్టుకుంటే కోసేస్తుంది. నైలాన్ సాగుతుంది. ఎండకి చెడిపోతుంది కాబట్టి కొన్ని నెలలకోసారి మార్చాలి, చవకే. రీలు బొంగు అంచుకి రెండు మూడు మిల్లీమీటర్లు తక్కువగా నింపాలి. ఎక్కువైతే చిక్కుపడుతుంది, తక్కువైతే దూరం పోదు.

కొసదారం ఆరు పౌండ్లది, అడుగు పొడవు. మెయిన్ లైన్‌కీ దానికీ మధ్య చిన్న స్వివెల్. ఇదే మా కొత్త తెగే చోటు.

కొక్కేల దగ్గర నా చదువు మరోసారి బోర్లా పడింది. పాశ్చాత్య లెక్కలో నంబరు పెరిగేకొద్దీ కొక్కెం చిన్నదవుతుంది, పదో నంబరు ఆరో నంబరు కంటే చిన్నది. జపాన్ లెక్కలో నంబరు పెరిగితే కొక్కెం పెద్దదవుతుంది. కొట్టులో రెండు రకాలూ ఒకే అరలో వేలాడుతుంటాయి. నంబర్లు వదిలేసి చిటికెన వేలి గోరు పక్కన పెట్టి చూసుకోమన్నాడు. కొక్కెం ముల్లుని కటింగ్ ప్లయర్‌తో నొక్కేస్తే చేప నోట్లోంచీ, మన వేల్లోంచీ తేలిగ్గా వస్తుంది.

తర్వాత రెండు బెండులు, చిన్న సీసం గుండ్లు, లోతైన వలతో ఒక చేతివల, పొడుగు ముక్కు ప్లయర్, ఒక తువ్వాలు. అన్నీ కలిపి 180 రింగ్గిట్లు కాలేదు. అలారాలు ఎందుకు వద్దని మావాడు అడిగితే, "నిద్దరోతావేటి?" అన్నాడు.

ఎర డబ్బు పెట్టి కొనక్కర్లేదన్నాడు. బ్రెడ్డు, తవుడు, చిక్కటి కొబ్బరిపాలు కలిపి ముద్ద చేశాడు. తవుడు తడిసినప్పుడు వచ్చిన వాసన నన్ను ఒక్కసారిగా మా ఊరి గట్టు మీదికి తీసుకెళ్ళి కూలేసింది. వెదురు కర్రలు, చిల్లుల సంచులు, విరిగిన గాలం కర్ర. మావాడికి మొదటిసారి ఆ కథ చెప్పాను. కొట్టారా అని నవ్వాడు. కాస్సేపాగి, "నువ్వు కూడా డ్రాగ్ బిగించావు కదా" అన్నాడు. నేను చిన్న గుండొకటి తీసి నలుపుతూ కూర్చున్నాను.

ఆ ఏడాది వానల్లో ఒకసారి మమ్మల్ని బాగాన్ దాతుక్ తీసుకెళ్ళాడు. కొబ్బరి తోటల మధ్య కాలవలు. చిన్నప్పుడు వాళ్ళకి వెదురు కర్ర, అరిగిన చెప్పు కోసి చేసిన బెండు, పైసలు కూడబెట్టి కొన్న ఒకే ఒక్క కొక్కెం ఉండేవట. ఆ కొక్కెం పోతే ఇంట్లో దెబ్బలు. పడిన చేప ఆ పూట కూర. ఆడవాళ్ళు పురుడు పోసుకున్నప్పుడు, ఎవరికైనా దెబ్బ తగిలినప్పుడు కొరమేను కోసమే వెళ్ళేవాళ్ళట. ఇక్కడ దాన్ని హారువాన్ అంటారు, గాయాలు మానడానికి మలయ్‌వాళ్ళూ అదే తింటారు. పట్టి వదిలెయ్యడమనేది బాబాయ్‌కి ముసలితనంలో వచ్చిన అలవాటు. "ఇప్పుడు ఇంట్లో తినీవోళ్ళు నేరు బాబూ" అన్నాడు. పిల్లలు సింగపూరులో ఒకరు, ఆస్ట్రేలియాలో ఒకరు.

తిరిగి వస్తూ దారిలో ఆగి గాలం వేస్తుంటే ఉరుము వినపడింది. ఇంకా వాన లేదు, ఎండ కూడా ఉంది. బాబాయ్ వెంటనే దారం చుట్టేసి కారెక్కమన్నాడు. కార్బన్ రాడ్డు కరెంటు తీగతో సమానం. గ్లాస్ ఫైబర్‌దైనా చెరువు గట్టు మీద పొడుగ్గా ఎత్తి పట్టుకుని నిలబడకూడదు. ఈ దేశంలో మధ్యాహ్నాలు పిడుగులు చెప్పి రావు. నెత్తి మీద ఏముందని ఆయన ఎందుకడిగాడో అప్పటికి పూర్తిగా అర్థమయింది. రేకులే కాదు, కరెంటు తీగలు, మబ్బులు కూడా.

ఆ తర్వాత మూడేళ్ళు ఆదివారాలు అలాగే గడిచాయి. మావాడు గొప్ప చేపల వేటగాడేం కాలేదు. చాలాసార్లు ఉత్త చేతులతో వచ్చేవాళ్ళం. కొన్నిసార్లు పాతిన్ పడేది, మా కైకలూరులో ఫంగస్ అంటారే ఆ చేప. రెక్కల దగ్గర ముళ్ళుంటాయి, తువ్వాలు అందుకే. గట్టు మీద పక్కపక్కన కూర్చున్నప్పుడు వాడు మాట్లాడేవాడు. ఎదురెదురుగా కూర్చుంటే మాట్లాడడు. ఇద్దరం బెండు వైపు చూస్తుంటాం కాబట్టి కష్టమైన మాటలు కూడా వచ్చేవి. స్కూల్లో వాణ్ణి ఏడిపించిన సంగతి అలాగే ఒకరోజు బెండుని చూస్తూ చెప్పాడు. రెండేళ్ళ పాత సంగతి. ఆ రెండేళ్ళూ నేను వాడితో లెక్కల మార్కుల గురించి మాట్లాడాను.

ఐజీసీఎస్‌ఈ ఫలితాలొచ్చిన రోజు ఫిజిక్సులో మార్కు చూసి నా గొంతు లేచింది. వాడు తలెత్తి, మెల్లగా, "డాడీ, డ్రాగ్" అన్నాడు. మా ఆవిడకి అర్థం కాలేదు. నాకు నవ్వొచ్చింది, కోపం పోలేదు, కానీ ఆగాను.

ఈ మధ్య బాబాయ్‌కి చూపు తగ్గింది. కొక్కెం కంట్లో దారం ఎక్కించలేకపోతున్నాడు. మాతా అంటే మలయ్‌లో కన్ను, "మాతా కైల్ కట్టడానికి నా మాతా పన్జెయ్యట్నేదు" అని తనే నవ్వాడు. ఆ రోజు నుంచి ఆయనకి కొక్కేలు మావాడే కట్టాడు. ముడి బిగించే ముందు దారాన్ని ఉమ్ముతో తడపాలి, లేకపోతే రాపిడి వేడికి నైలాన్ బలం పోతుంది. అది నేర్పింది ఆయనే. ఇప్పుడు వాడు కట్టి ఇస్తే, వేలితో తడిమి చూసి తలూపుతాడు.

మొన్న ఆగస్టులో మావాడు చదువుకి వెళ్ళిపోయాడు. వెళ్ళే ముందు రెండు రాత్రులు గదిలో లైటు వెలుగుతూనే ఉంది. ఫోను చూస్తున్నాడనుకున్నాను. పొద్దున్న భోజనాల బల్ల మీద రెండు స్పాంజి ముక్కలు పెట్టి ఉన్నాయి. ఒక్కోదాని చుట్టూ వరసగా కొసదారాలు, అడుగు పొడవు, ఆరు పౌండ్లవి, కొసన ముల్లు నొక్కిన కొక్కేలు. ఒకటి తాతయ్యకి, ఒకటి నాకు. ఒక్కో ముక్క మీద రెండు డజన్లు. "నీకు ముడి సరిగ్గా రాదు కదా" అన్నాడు.

12 అడుగుల రాడ్డు ఇంకా తలుపు వెనకే ఉంది. ఎవరికైనా ఇచ్చెయ్యమని మా ఆవిడ పోరుతోంది. ఆదివారాలు బాబాయ్‌ని కారులో ఎక్కించుకుని నేనే తీసుకెళ్తున్నాను. మావాడి రాడ్డుతోనే వేస్తున్నాను. పోయిన వారం పెద్ద చేపేదో తగిలి, డ్రాగ్ వదిలినా ఆగక, నీటిలో మొద్దుకి చుట్టుకుని తెంపుకుపోయింది. లాగి చూస్తే స్వివెల్, గుండు, బెండు అన్నీ తిరిగొచ్చాయి. కొసదారమొక్కటే లేదు. ఇంకోటి తీసి కట్టుకున్నాను.

నా స్పాంజి మీద ఇంకా పదిహేడున్నాయి.